పుష్ రాడ్లు మళ్లీ మళ్లీ వంగుతున్నాయంటే: కమిన్స్ 5.9 హెడ్ పని తర్వాత ఏం చూడాలి

తమ్ముడూ, నువ్వు చెప్పింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే నీకే తెలుస్తుంది. బండి టాటా 2518 లారీ, ఇంజను కమిన్స్ 5.9, పాత మెకానికల్ పంపు. జయపురం నుంచి సాలూరు మీదుగా విశాఖకు లోడు తిప్పుతున్నావు. ఘాట్‌లో వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతే హెడ్ దించారు. అదే పనిలో హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు ముఖం చదును చేసే పని) చేయించి గైడ్లు (వాల్వు కాండం ఆడే గొట్టాలు), వాల్వులు, స్ప్రింగులు, సీళ్లు, పుష్ రాడ్లు, క్యామ్, ట్యాపెట్లు అన్నీ కొత్తవి వేయించావు, అన్నీ బయటి రకం, అంటే కంపెనీవి కానివి. నెల తిరక్కుండా టక్ టక్ మొదలైంది. ట్యాపెట్ సెట్ చేయిస్తే, అంటే వాల్వు గ్యాపులు సరిచేయిస్తే, నాలుగు రోజులు బాగుంటోంది, మళ్లీ అదే గోల. మూడో సిలిండరువి, ఐదో సిలిండరువి ఎగ్జాస్ట్ పుష్ రాడ్లు వంగాయి. మారిస్తే మళ్లీ అవే వంగాయి. బిగింపు బాగోలేదని సామాను అమ్మినాయన, సామాను బాగోలేదని మేస్త్రీ. మళ్లీ హెడ్ దించాలా అని నీ ప్రశ్న.

దించాల్సి రావచ్చు. కానీ దించే ముందు ఒక పూట కొలతలు తీసుకోవాలి. ఆ కొలతలు లేకుండా దించితే పోయినసారి జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఇంకో మాట: ఈలోగా లోడు వేసుకుని ఘాట్ ఎక్కొద్దు. క్యామ్ తోపును ట్యాపెట్ మీదుగా పైనున్న రాకర్‌కు చేర్చే కడ్డీ పుష్ రాడ్, ఆ రాకర్ వాల్వును నొక్కి తెరుస్తుంది. ఆ రాడ్డు ఊరికే వంగదు. దాని దారికి ఏదో అడ్డుపడితేనే వంగుతుంది. ఇప్పటిదాకా రాడ్డు వంగి మిగతా ఇంజనును కాపాడుతోంది. ఈసారి వంగాల్సింది రాడ్డు కాకుండా వాల్వు అయితే, వాల్వు తల విరిగి సిలిండరులో పడితే, పిస్టను, సిలిండరు గోడ, హెడ్ మూడూ పోతాయి.

శబ్దం ట్యాపెట్లదేనా అన్నది మొదట తేలాలి. ఇంజను ఐడిల్‌లో ఉండగా ఒక్కో నోజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టు కొద్దిగా వదులు చేసి ఆ సిలిండరుకు డీజిల్ ఆపి చూడు. ఒక సిలిండరు దగ్గర శబ్దం తగ్గినా మారినా అది నోజిల్ కొట్టుడో, కాలడంలో తేడానో. ఏ సిలిండరు దగ్గరా మారకపోతే వాల్వుల వైపే వెతకాలి. చేతికి గ్లవ్ వేసుకో, నట్టు మీద గుడ్డ కప్పు, ముఖం దూరంగా పెట్టు, ఎందుకంటే అది ప్రెషర్ మీద వచ్చే డీజిల్. నీది మెకానికల్ పంపు కాబట్టే ఈ పద్ధతి చెప్తున్నాను. కామన్ రైల్ (చాలా ఎక్కువ ప్రెషర్ మీద డీజిల్ వచ్చే కొత్త రకం) బండి మీద దీన్ని ఎవరూ చేయకూడదు. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గాస్కెట్ కారినా అచ్చం ట్యాపెట్ లాగే టిక్ టిక్ వస్తుంది. అక్కడ నల్లగా మసి గీత కనబడుతుంది, ఇంజను వేడెక్కాక శబ్దం చాలావరకు తగ్గుతుంది. ఈ ఇంజనుకు రాకర్ కవర్లు సిలిండరుకొకటి చొప్పున విడివిడిగా ఉంటాయి. ఒక్కోటి తీసి లోపలివైపు తిప్పి చూడు, రాకర్ స్క్రూ తగిలి మెరుస్తున్న గీత ఏమైనా ఉందేమో. స్క్రూ పొడవు ఎక్కువైతే కవరుకే తగులుతుంటుంది.

ఇక అసలు పని. గ్యాప్ అంటే రాకర్‌కూ వాల్వు కాండం కొసకూ మధ్య ఉండాల్సిన సందు. ఈ ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ గ్యాప్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.51. చల్లగా అంటే నీళ్ల వేడి 60 డిగ్రీల లోపు. పొద్దున స్టార్టు చేయకముందు చూస్తే అన్నిటికన్నా మంచిది. సెమిలిగూడ, పొట్టంగి వైపు రాత్రి బండి ఆపితే తెల్లారేసరికి ఇంజను బాగా చల్లబడిపోతుంది, అప్పుడు తీసిన కొలతే నమ్మదగ్గది. దయచేసి ముందు సెట్ చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు కొలిచి కాగితం మీద రాయి. ఇన్నిసార్లు సెట్ చేశారు కదా, సెట్ చేసే ముందు ఏ వాల్వు దగ్గర గ్యాప్ ఎంత ఉందో ఒక్కసారైనా రాసి ఉంటే ఈపాటికి సగం సంగతి తేలిపోయేది. మేస్త్రీలు చాలామంది ఫీలర్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) బిగుతుగా ఆడేదాకా స్క్రూ తిప్పి, నట్టు బిగించి, కవరు మూసేస్తారు. శబ్దం పోతుంది. దానితోపాటు జాడ కూడా పోతుంది.

టాప్ సెంటర్ (పిస్టను పూర్తిగా పైకి వచ్చిన చోటు) పట్టడానికి డీజిల్ పంపు కింద గేర్ కేసు వెనకాల టైమింగ్ పిన్ను ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని ఇంజనును మెల్లగా తిప్పితే మొదటి సిలిండరు టాప్ సెంటర్ దగ్గర గేరు రంధ్రంలో దిగుతుంది. దిగాక మళ్లీ తిప్పే ముందు పిన్ను వెనక్కి లాగడం మర్చిపోవద్దు, అది ప్లాస్టిక్, విరిగి గేర్ల మధ్య పడుతుంది. పిన్ను లేకపోతే ఆరో సిలిండరు రాకర్లు చూడు. ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ రెండూ కొద్దికొద్దిగా కదులుతున్న చోటే మొదటి సిలిండరు కంప్రెషన్ టాప్ సెంటర్. అప్పుడు మొదటి సిలిండరు రాకర్లు రెండూ చేతికి లూజుగా ఆడాలి. ఆ స్థితిలో ఇన్‌లెట్లు 1, 2, 4, ఎగ్జాస్టులు 1, 3, 5 కొలువు. క్రాంకు ఒక పూర్తి చుట్టు తిప్పాక ఇన్‌లెట్లు 3, 5, 6, ఎగ్జాస్టులు 2, 4, 6. మొత్తం పన్నెండు అంకెలు.

ఆ అంకెల్ని ఇలా చదవాలి. ఏదైనా వాల్వు దగ్గర గ్యాప్ పెరిగిందంటే తప్పు క్యామ్ నుంచి రాకర్ దాకా ఉన్న దారిలో ఉంది. క్యామ్ ముక్కు అరగడం, ట్యాపెట్ ముఖం గుంట పడటం, పుష్ రాడ్ వంగడం, రాకర్ బుష్ అరగడం, లాక్ నట్టు జారడం, రాకర్ స్టాండు కదలడం, ఇవన్నీ గ్యాప్‌ను పెంచుతాయి. గ్యాప్ తగ్గిందంటే తప్పు వాల్వు వైపు ఉంది. వాల్వు సీటులోకి దిగిపోతోంది, లేదా ఎగ్జాస్ట్ వాల్వు కాండం వేడికి సాగుతోంది. ఈ రెండో రకం మరీ ప్రమాదం, ఎందుకంటే అది శబ్దం చేయదు. గ్యాప్ తగ్గేకొద్దీ ఇంజను ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, ఓనరు సంతోషిస్తాడు, లోపల వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంటుంది. ఘాట్ మీద లాగుడు తగ్గి, చల్లని ఉదయం స్టార్టింగ్ కష్టమై, ఎగ్జాస్ట్ పైపు దగ్గర ఫట్ ఫట్ అని తప్పిన చప్పుడు వస్తే అప్పుడు తెలుస్తుంది. శబ్దం పోయేదాకా బిగించేసే మేస్త్రీని నమ్మొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. 0.51 ఉండాల్సిన చోట 0.30 ఉన్న ఇంజను వినడానికి బాగుంటుంది, నడవడానికి బాగుండదు.

నీ విషయంలో ఎగ్జాస్టులు 3, 5 దగ్గర గ్యాప్ బాగా పెరిగి ఉంటుందని అనుకుంటున్నాను. వంగిన రాడ్డు పొట్టిదవుతుంది కదా. అయితే రాడ్డు వంగడం ఫలితం. దాన్ని వంచింది ఎవరన్నది తేల్చాలి.

దీనికి నాకు నీ నుంచి ఒక్క సంగతి కావాలి: శబ్దం సరిగ్గా ఏ చోట మొదలవుతోంది? తిరుగు లోడుతో సాలూరు నుంచి ఎక్కి వస్తూ ఘాట్ మీది సుంకి చేరేసరికి మొదలవుతోందా, లేక జయపురం లోడుతో సుంకి దాటి కిందకి దిగి సాలూరు చేరేసరికా? నీ డ్రైవరునో, నువ్వే నడిపితే నీ జ్ఞాపకాన్నో అడిగి కచ్చితంగా చెప్పు. మన ఘాట్ ఈ విషయంలో ఏ గేజు కన్నా బాగా చెప్తుంది. ఎక్కేటప్పుడు ఇంజనుకు వేడి, బరువు. దిగేటప్పుడు స్పీడు, ఎగ్జాస్ట్ బ్రేకు. ఒక్కోదానికి దొరికే దొంగ వేరు.

ఎక్కేటప్పుడు మొదలైతే నా మొదటి అనుమానం గైడ్ల మీద. కొత్త గైడు హెడ్డులోకి ప్రెస్సు మీద దించాక దాని లోపలి రంధ్రం బిగుసుకుపోతుంది. అందుకే దించాక రీమరు ఆడించి, ఆ వాల్వు కాండానికే కొలిచి సరిచేయాలి. ఈ పనిలో తొందరపడే హెడ్ షాపులు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు వాల్వు హాయిగా ఆడుతుంది, షాపులో చూపించినప్పుడు ఎవరికీ అనుమానం రాదు. పావుగంట ఫుల్ లోడు మీద ఘాట్ ఎక్కాక ఎగ్జాస్ట్ వాల్వు కాండం ఉబ్బి గైడులో పట్టేస్తుంది. ఎగ్జాస్ట్ కాండం ఇన్‌లెట్ కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి దానికి గైడులో కాస్త ఎక్కువ ఖాళీ కావాలి. రెండింటికీ ఒకే రీమరు ఒకేలా ఆడిస్తే ముందు పట్టేది ఎగ్జాస్టే. పట్టేసిన వాల్వు వెనక్కి ఆలస్యంగా వస్తుంది. పిస్టను పైకి వచ్చి దాని తలను తడుతుంది, లేదా క్యామ్ మళ్లీ తోసేటప్పుడు రాడ్డు గోడను తోసినట్టు తోసి వంగుతుంది. బండి ఆగి చల్లబడ్డాక అన్నీ మామూలే. మేస్త్రీకి వంగిన రాడ్డు తప్ప ఇంకేమీ కనబడదు.

దీన్ని హెడ్ దించకుండానే చూడొచ్చు. మూడో సిలిండరును టాప్ సెంటర్‌కి తెచ్చి, బండిని గేరులో వేసి చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజను కదలకుండా చేసుకో. రాకర్ స్టాండు తీసి (దాని బోల్టు బిగింపు గురించి కింద చెప్పింది చదివాకే), ఎగ్జాస్ట్ స్ప్రింగును నొక్కి లాకులు తీసేయ్. కింద పిస్టను పైనే ఉంది కాబట్టి వాల్వు లోపలికి జారిపోదు, కొద్దిగా దిగి పిస్టను మీద ఆగుతుంది. సీలు కూడా తీసి, కాండం పట్టుకుని పైకి కిందికి ఆడించు, చుట్టూ తిప్పు. ఏ కోణంలోనైనా గరగర తగిలినా, బిగిసినా గైడు పట్టేస్తోందన్నమాట. బయట కనబడే కాండం మీద మెరిసే పట్టీలో, నిలువు గీతలో, గోధుమ రంగు పూతో ఉంటే ఇంక సందేహం లేదు. పక్కనే ఉన్న ఇన్‌లెట్‌తో పోల్చు. తర్వాత ఐదో సిలిండరు. ఆ రెండూ బిగుతుగా ఉండి మిగతావి బాగుంటే హెడ్ దించి గైడ్లు సరిచేయించాల్సిందే, వేరే దారి లేదు.

దిగేటప్పుడు మొదలైతే అనుమానం స్ప్రింగుల మీదకి పోతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టినప్పుడు మేనిఫోల్డులో పొగ ప్రెషరు పెరుగుతుంది. ఆ ప్రెషరు అన్ని సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వుల వీపు మీద పనిచేస్తుంది. ఏ సిలిండరు గాలి పీల్చుకుంటుంటే దాని లోపల ప్రెషరు తక్కువ, అక్కడ ఎగ్జాస్ట్ వాల్వును మూసి ఉంచేది స్ప్రింగు ఒక్కటే. స్ప్రింగు బలహీనమైతే వాల్వు సీటు మీద నుంచి లేచి మళ్లీ టప్పున పడుతుంది. ఇలా దిగువ దాకా వేల సార్లు కొట్టుకుంటే సీటు దెబ్బతింటుంది, రాకర్‌కూ రాడ్డుకూ మధ్య పట్టు తప్పుతుంది, రాడ్డు గిన్నెలోంచి పక్కకు జారి మళ్లీ పడేటప్పుడు వంగుతుంది. నీ కేసులో వంగినవన్నీ ఎగ్జాస్ట్ రాడ్లే. అందుకే ఈ దారిని నేను తేలిగ్గా తీసుకోను.

అసలు స్పీడు సంగతి కూడా నిజాయితీగా చూడాలి. ఈ ఇంజను నిమిషానికి 2500 చుట్ల దగ్గర పూర్తి బలం ఇచ్చేది. ఎక్కేటప్పుడు దాన్ని దాటనివ్వకుండా పంపు గవర్నరు చూసుకుంటుంది. దిగేటప్పుడు బండి బరువే ఇంజనును తిప్పుతుంది, అక్కడ గవర్నరు చేయగలిగింది ఏమీ లేదు. స్పీడు మీద ఉండగా గేరు తగ్గించి క్లచ్ వదిలితే ఇంజను ఎంత పైకి పోతుందో మీటరు చూస్తేనే తెలుస్తుంది. ఆ స్పీడులో స్ప్రింగు వాల్వును సమయానికి వెనక్కి లాగలేదు, పిస్టను వచ్చి తగులుతుంది. అలా జరిగితే ఒకటి రెండు కాదు, చాలా రాడ్లు ఎంతో కొంత వంగి ఉంటాయి. అందుకే పన్నెండు రాడ్లూ తీసి మందపాటి అద్దం మీద దొర్లించు. కంటికి తిన్నగా కనబడే రాడ్డు కూడా అద్దం మీద ఎగిరెగిరి దొర్లుతుంది, కింద వెలుతురు సందు కనబడుతుంది. 3, 5 తప్ప మిగతా పదీ తిన్నగా ఉంటే స్పీడు కారణం కాదు, తప్పు ఆ రెండు సిలిండర్ల దగ్గరే ఉంది. డ్రైవరును తిట్టే ముందు ఈ ఒక్క పరీక్ష చేయాలి.

స్ప్రింగులకు మంచి పరీక్ష నీ దగ్గరే ఉంది, పాతవి పారేయకపోతే. పాత కంపెనీ స్ప్రింగు, కొత్తది పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడు, తీగ మందం చూడు, చుట్లు లెక్కపెట్టు. తర్వాత రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో పల్చటి రేకు ఉంచి, వైస్‌లో నొక్కు. ఏది ముందు ఎక్కువ నలిగితే అది మెత్తనిది. పెద్ద హెడ్ షాపులో స్ప్రింగు టెస్టరు ఉంటే ఇంకా మంచిది. సునాబెడలో విమాన ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల మైక్రోమీటరు చేతపట్టడం తెలిసిన టర్నర్లు దొరుకుతారు. గైడు కొలత, స్ప్రింగు పరీక్ష అలాంటివారి దగ్గర చేయించుకో, దూరమైనా సరే.

బయటి సీళ్లు వేసినప్పుడు చాలామంది చూడని చోటు ఒకటుంది. సీలు ఎత్తు కొద్దిగా ఎక్కువైనా, గైడు కొంచెం పైకి నిలబడినా, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు పైన ఉండే రిటైనరు వచ్చి సీలుకు తగులుతుంది. అక్కడికి వాల్వు ఆగిపోతుంది, క్యామ్ మాత్రం తోస్తూనే ఉంటుంది. మరి ఎవరు వంగాలి? రాడ్డే. ఇంజనును చేత్తో తిప్పి మూడో ఎగ్జాస్టును పూర్తిగా తెరిపించి, రిటైనరు కింద ఖాళీ ఎంత ఉందో టార్చి వేసి చూడు, సన్నని వైరు దూర్చి చూడు. సీలు పైభాగం నలిగి రిటైనరు అచ్చు పడి ఉంటే దొంగ అక్కడే దొరికాడు. అదే స్థితిలో స్ప్రింగు చుట్ల మధ్య ఫీలర్ పెట్టు. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని గట్టిపడితే స్ప్రింగు తప్పు రకం, లేదా కింద అక్కర్లేని వాషరు వేశారు.

హెడ్ ఫేసింగ్ చేయించావు కాబట్టి పిస్టను తగలడం కూడా చూడాలి. ఎంత తీశారో షాపు వాళ్లను అడుగు. హెడ్ పల్చబడితే వాల్వులు పిస్టనుకు దగ్గరవుతాయి. బయటి వాల్వు తల కాస్త మందంగా ఉన్నా అదే ఫలితం. వాల్వు తల హెడ్ ముఖం కన్నా లోపలికి ఎంత ఉండాలో మాన్యువల్‌లో కొలత ఉంటుంది, డెప్త్ గేజుతో చూడాలి. హెడ్ దించినప్పుడు 3, 5 పిస్టన్ల నెత్తిన నెలవంక లాంటి మెరుపు గీత ఉంటే వాల్వు తగిలిందన్నమాట. ఫేసింగ్ ఎక్కువైన హెడ్లకు మందం ఎక్కువ గాస్కెట్ దొరుకుతుంది, దాన్ని వేయాలి.

క్యామ్ టైమింగ్ ఒక పన్ను తప్పిందేమోనని అడిగావు. అలా అయితే ఆరు సిలిండర్లూ మొదటి రోజు నుంచే ఏడుస్తాయి. రెండు సిలిండర్ల దగ్గరే తేడా ఉండదు. దాన్ని వదిలేయ్.

కానీ క్యామ్ అరుగుదలను వదలొద్దు. ఈ ఇంజను ట్యాపెట్లు రోలరు లేనివి, ముఖం నేరుగా క్యామ్ మీద రుద్దుకుంటుంది. ముఖం చూడటానికి చదునుగా ఉన్నా అతి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి. అందువల్లే తోసినప్పుడల్లా ట్యాపెట్ తన చుట్టూ తను కొద్దిగా తిరుగుతూ అరుగుదల అంతా సమానంగా పంచుకుంటుంది. బయటి ట్యాపెట్ మెత్తనిదైతే, లేదా ఒక రకం క్యామ్‌కు ఇంకో రకం ట్యాపెట్ వేస్తే, అది తిరగడం మానేసి ఒకే చోట రుద్దుకుంటుంది. నెలలోపు క్యామ్ ముక్కు గుండ్రమైపోతుంది. చూసే పద్ధతి తేలిక: పుష్ రాడ్ పైన డయల్ గేజు నిలబెట్టి, ఇంజను చేత్తో తిప్పి, ఒక్కో రాడ్డు ఎంత పైకి లేస్తోందో రాయి. ఆరు ఇన్‌లెట్లూ ఒకదానితో ఒకటి, ఆరు ఎగ్జాస్టులూ ఒకదానితో ఒకటి దాదాపు సమానంగా లేవాలి. ఒక్కటి మిగతావాటి కన్నా స్పష్టంగా తక్కువ లేస్తే ఆ ముక్కు అరిగింది. దీనికి పుస్తకంలో అంకె కూడా అక్కర్లేదు. ఆయిల్ ఫిల్టరు కోసి మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూడు, అయస్కాంతం కూడా తిప్పు.

క్యామ్ పోయిందని తేలితే ట్యాపెట్లు కూడా మొత్తం మార్చాలి. పాత ట్యాపెట్ కొత్త క్యామ్ మీద వేస్తే ఆ క్యామ్ కూడా పోతుంది. ఈ ఇంజనులో ట్యాపెట్లు కింద నుంచి ఎక్కుతాయి, క్యామ్ లాగకుండా రావు, అందుకే ఆ ఖర్చు ముందే లెక్కేసుకో. కొత్త క్యామ్‌కు ముక్కులకూ ట్యాపెట్ ముఖాలకూ అసెంబ్లీ గ్రీజు పట్టించి, స్టార్టు చేసిన వెంటనే ఐడిల్‌లో వదిలేయకుండా 1500 నుంచి 2000 చుట్ల మధ్య ఒక ఇరవై నిమిషాలు ఆడించాలి. ఐడిల్‌లో ఆయిల్ చిమ్మడం తక్కువ, రుద్దుడు ఎక్కువ.

ఇప్పుడు నువ్వు రాసినదాంట్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన విషయం. రాడ్లు మార్చడానికి మేస్త్రీ 3, 5 రాకర్ స్టాండ్లు విప్పి బిగించాడు కదా. ఈ ఇంజనులో ఒక్కో స్టాండును పట్టేవి రెండు బోల్టులు. ఒకటి చిన్నది, 8 మిల్లీమీటర్లది. రెండోది 12 మిల్లీమీటర్ల పొడవు బోల్టు, అది హెడ్ బోల్టే. అంటే రాకర్ విప్పిన ప్రతిసారీ ఆ సిలిండరు దగ్గర హెడ్ బోల్టు వదులైంది. దాన్ని చేతి అంచనాతో బిగించి ఉంటే గాస్కెట్ అక్కడే మళ్లీ పోతుంది, స్టాండు కూడా సన్నగా కదులుతూ గ్యాప్‌ను మారుస్తుంది. టార్క్ రెంచి లేకుండా ఈ పని ఒప్పుకోవద్దు. పూర్తి హెడ్ బిగింపు వరస ఇది: అన్ని బోల్టులూ 90 న్యూటన్ మీటర్లు, తర్వాత పొడవు బోల్టులు 120, ఆ తర్వాత అన్నీ ఇంకో 90 డిగ్రీల తిప్పుడు, మధ్యలోంచి బయటికి. చిన్న స్టాండు బోల్టు 24, ట్యాపెట్ లాక్ నట్టు కూడా 24. సాగిన హెడ్ బోల్టును మళ్లీ వాడొద్దు, కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూడు.

ఆ పొడవు బోల్టుతో ఇంకో ముడి ఉంది. రాకర్లకు ఆయిల్ పైకి వచ్చేది ఆ బోల్టు చుట్టూ ఉన్న సందులోంచే, అక్కడి నుంచి స్టాండు అడుగున ఉన్న గాడిలోకి, రాకర్ బుష్‌లోకి. హెడ్ గాస్కెట్‌లో ఆ ఆయిల్ రంధ్రం సరైన చోట లేకపోయినా, ఎవరైనా సీలెంటు దట్టంగా పూసినా దారి మూసుకుపోతుంది. కవరు తీసి కాసేపు ఐడిల్‌లో చూడు, ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరాలి. 3, 5 ఎండిపోయినట్టుండి బుష్ నీలంగా మాడి ఉంటే రాడ్లు ఎన్ని మార్చినా లాభం లేదు. కొత్త గాస్కెట్ కొన్నప్పుడల్లా పాతదాని మీద పరిచి ప్రతి రంధ్రం కలుస్తోందో లేదో చూడటం అలవాటు చేసుకో.

బయటి సామాను అంతా చెత్త అని నేను అనను. మంచి బయటి రకాలు ఉన్నాయి, ఎన్నో బండ్లు వాటి మీదే నడుస్తున్నాయి. కష్టం ఎక్కడంటే, ఒక్కో ముక్క ఒక్కో తయారీది కొని కలిపినప్పుడు. పుష్ రాడ్ గోళీ ఒకరిది, అది కూర్చునే గిన్నె ఇంకొకరిది అయితే గుండ్రాలు కలవవు, గోళీ అంచు మీదే ఆని నెలలో అరుగుతుంది. గోళీకి మార్కర్ ఇంకు పూసి, కూర్చోబెట్టి తిప్పి, ఇంకు ఎక్కడ చెరిగిందో చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో గుండ్రంగా చెరగాలి, అంచున వలయంగా కాదు. కొత్త రాడ్డు పొడవు పాతదానితో వెర్నియర్ పెట్టి కలుపు. వాల్వులకు ఒక అయస్కాంతం తీసుకెళ్లు. ఎగ్జాస్ట్ వాల్వు తల సాధారణంగా అయస్కాంతానికి అంటని ఉక్కుతో చేస్తారు, కాండం అంటొచ్చు. తల కూడా గట్టిగా అతుక్కుంటే ఆ వాల్వు వేడికి నిలబడే రకం కాదేమోనని అనుమానించి ఇంకోటి అడుగు. హెడ్ షాపులో సీటు కోణం అడగడం కూడా మర్చిపోకు: ఈ ఇంజనుకు ఇన్‌లెట్ 30 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 45. అన్నిటికీ 45 రాయి పెట్టి నూరేసిన హెడ్లు కనబడుతుంటాయి. సీలు, గైడు, స్ప్రింగు, వాల్వు నాలుగూ ఒకే తయారీవి తీసుకో. క్యామ్, ట్యాపెట్లు మరో జత, అవి కూడా ఒకే చోటివి. పాత సామాను మొత్తం గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చుకో, షాపులో వదిలేయకు.

గ్యాప్ తగ్గిన వాల్వు ఏదైనా కనబడితే హెడ్ దించే ముందు ఇంకో పరీక్ష చెయ్. ఆ సిలిండరు కంప్రెషన్ టాప్ సెంటర్‌లో పెట్టి, నోజిల్ రంధ్రంలోంచి కంప్రెసరు గాలి ఎక్కించు. గాలికి ఇంజను తిరిగిపోకుండా బిగించి ఉంచు, ఫ్యాను దగ్గర చేతులు పెట్టొద్దు. సైలెన్సరులో బుస వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టరు వైపు అయితే ఇన్‌లెట్, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటరులో బుడగలు అయితే గాస్కెట్. ఒక్క పరీక్షలో నాలుగు జవాబులు వస్తాయి.

కాబట్టి రేపు పొద్దున ఇంజను చల్లగా ఉండగా పన్నెండు గ్యాపులూ రాయి, రాడ్లు అద్దం మీద దొర్లించు, 3, 5 ఎగ్జాస్ట్ స్ప్రింగులు విప్పి వాల్వులు చేత్తో ఆడించు. ఆ అంకెలు, శబ్దం ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఫేసింగ్‌లో ఎంత తీశారు, ఈ మూడూ పంపు. రిటైనరు కింద సీలు ఫొటో ఒకటి, రాడ్డు గోళీది ఒకటి దగ్గరగా తీసి పెట్టు. వాటిని చూశాక హెడ్ దించాలా, స్ప్రింగులూ సీళ్లూ మార్చి పైపైనే సరిచేయొచ్చా అన్నది చెప్తాను. అప్పటిదాకా ఆ బండికి లోడు ఒప్పుకోకు.